మొండిమర

నా బల్లమీద సుద్దముక్కల పెట్టె ప్రక్కన ఒక పాత ఇనుప నట్టు ఉన్నది. క్రొత్తగా వచ్చిన తరగతివారు దానిని చేతికి తీసికొని, ఇటునటు త్రిప్పి చూచి, "ఇది యేమిటి, అయివారూ?" అని అడుగుచుందురు. "తరువాత చెప్పెదను" అని ఇంతవరకు దాటవేయుచు వచ్చితిని. ఈ సంచికకు ఏదైన వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, ఆ ప్రశ్నకు సమాధానము వ్రాయుటయే మంచిదని తోచినది.

ఆ నట్టుకు అంచున నాలుగు గాడులు కలవు. అందు మూడు సరిగా నున్నవి. నాలుగవదాని అంచు నలిగి, పల్లు ఊడిన చిగురువలె నున్నది. దానిని అట్లు నలిపినవాడను నేనే.

నా మోటారు సైకిలును మీరెల్లరు ఎరుగుదురు. బాగలూరు దారిలోని మా యింటినుండి పాఠశాలకు దానిమీదనే వచ్చిపోవుచుందును. గడచిన కార్తిక మాసమున ఒక సోమవారము సాయంకాలము, నా భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని హోసూరు చంద్రచూడేశ్వరస్వామి కొండ నెక్కుచుంటిని. సగము దారిలో ఇంజను గొంతెత్తి అరవసాగెను గాని బండి ముందునకు సాగదయ్యెను. పిడి త్రిప్పినకొలది అరపు హెచ్చెను, వేగము తగ్గెను. తుదకు ఆమె దిగి నడచెను. నేను బండిని నెట్టుకొనుచు ఆమె వెంట పోయితిని. ఆనాడు స్వామిని ఇద్దరమును కాలినడకనే సేవించితిమి.

బండి నడుపువారు ఇట్టిదానిని క్లచ్చి జారుట యందురు. చిన్న తరగతులవారికొరకు దాని పని యేమో కొంచెము చెప్పవలెను. ఇంజనులో పుట్టిన బలము నేరుగా చక్రమునకు పోదు. నడుమ ఒక గిన్నెలో కొన్ని పలుచని ప్లేట్లు ఒకదాని ప్రక్క నొకటిగా పేర్చబడి యుండును. ఒకటి విడిచి యొకటి రాపిడి పదార్థము అతికించినవి. నడుమనున్నవి వట్టి ఉక్కువి. రాపిడి ప్లేట్లు ఇంజనుతో తిరుగు గిన్నెను పట్టుకొని యుండును. ఉక్కు ప్లేట్లు గేరుపెట్టె ఇరుసుమీది నడిమి చక్రమును పట్టుకొని యుండును. స్ప్రింగులు వీని నన్నిటిని గట్టిగా అదిమి యుంచును. అప్పుడు రెండు జాతుల ప్లేట్లును ఒక్కటియై తిరుగును; బండి కదలును. ఎడమచేతి పిడిని నొక్కినప్పుడు ఆ అదుము వదలును, ప్లేట్లు వేరగును, ఇంజను తిరుగుచున్నను చక్రము నిలుచును. ఏండ్లు గడచి రాపిడి పదార్థము అరిగినను, స్ప్రింగులు పట్టు తప్పినను, పిడి నొక్కకున్నను ప్లేట్లు ఒకదానిమీద నొకటి జారును. ఇంజను శ్రమ యంతయు వేడియై పోవును.

పిడివద్ద తీగెకు ఉండవలసిన వదులు లేకున్నను క్లచ్చి జారును గనుక, మొదట దానిని సరిచేసితిని. మా బండివంటి చిన్న బండ్లకు ఆ వదులు పిడి కొనయొద్ద సాధారణముగా 10 నుండి 20 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. సరిచేసినను జారుట మానలేదు. ఇక ప్లేట్లు మార్చుటయే గతి.

పనివానియొద్దకు పోక, నేనే విప్పి చూచెదనని బయలుదేరితిని. "తెలియని పనిలో చేయి పెట్టకండి" అని నా భార్య చెప్పెను. ఉత్పలమాలకు గణవిభజన చేయగలవానికి నాలుగు మరలు విప్పుట యొక లెక్కయా యని నాలో నేను అనుకొంటిని. ఆదివారమునాడు వాకిట గోనెపట్ట పరచి, నూనె వంపి, కిక్కుకడ్డీ తీసి, కుడివైపు మూత విప్పితిని. లోపల క్లచ్చి కనబడెను. నాలుగు బోల్టులు, వాని క్రింద నాలుగు స్ప్రింగులు, అవియు వచ్చినవి. ఇంతవరకు నా గర్వమునకు భంగము కలుగలేదు.

అప్పుడు నడుమ గుంటలో ఈ నట్టు కనబడెను. మా బండి క్లచ్చియందు అదుము చక్రము లోపలి దిక్కునను, నడిమి చక్రము వెలుపలి దిక్కునను ఉండును. నడిమి చక్రము రానిదే ఒక్క ప్లేటును చేతికి రాదు. ఆ చక్రమును ఇరుసునకు బిగించి యుంచునది ఈ నట్టే. ఇది ఆరు పలకల సాధారణపు నట్టు కాదు. గుండ్రముగా నుండి, నాలుగు గాడులు గలది. దానికి నాలుగు పండ్ల ప్రత్యేకపు సాకెట్టు కావలెను. నాయొద్ద అది లేదు. ఒక స్క్రూడ్రైవరు మొనను గాడికి ఆనించి, సుత్తితో కొట్టితిని.

కొట్టిన ప్రతిసారి నట్టుతోపాటు ఇరుసును, చక్రమును అన్నియు కొంచెము తిరిగి నిలిచినవి. బండి గేరులో లేదు. ఇరుసును పట్టి నిలుపునది ఏదియు లేదు. నా దెబ్బ నట్టునకు తగులుటకు మారుగా గాలిలో కలియుచుండెను. నేను అది గమనింపలేదు. నట్టు మొండిదని నిశ్చయించుకొని, మరింత గట్టిగా కొట్టితిని. గాడి అంచు మైనమువలె నలిగిపోయెను. స్క్రూడ్రైవరు జారి నా బొటనవ్రేలు చీలెను. నట్టు వెంట్రుకవాసి కదలలేదు.

మరునాడు బండిని సామానుల ఆటోలో ఎక్కించి, దారిలోనే యున్న ఒక షెడ్డునకు తీసికొనిపోతిని. మన హోసూరు యంత్రముల పట్టణము. 1980 మొదలుకొని మోపెడులును, లారీలును ఇచటి కర్మాగారములలో తయారగుచున్నవి. అందువలన షెడ్డులకును, పనివారికిని ఇచట కొదువ లేదు. ఆ షెడ్డు యజమాని చేతులు తుడుచుకొనుచు వెలుపలికి వచ్చి, నన్ను చూచి నిలిచి, "నమస్కారం అయివారూ. నన్ను గుర్తుపట్టినారా?" అనెను.

గుర్తుపట్టితిని. గుర్తుపట్టకున్న బాగుండునని యొక క్షణము తోచెను.

ఇరువదిమూడేండ్లకు పూర్వము నేను పొరుగు రాష్ట్రమున పండిత శిక్షణ ముగించుకొని, క్రొత్త యెరుపు సిరాబుడ్డితో ఈ పాఠశాలకు వచ్చితిని. నేర్చినదంతయు ఒక్క సంవత్సరములోనే పిల్లలకు ధారపోయవలెనని నా తహతహ. తొమ్మిదవ తరగతివారిని "మా తండ్రి వృత్తి" అను విషయముపై వ్రాయుడంటిని. ఆ బాలుడు ఏడు పంక్తులు వ్రాసెను. "మా నాయనకి సైకిలంగడి ఉండాది" అని మొదలు. పంక్చరు వేయుట, తెగిన చెయిను అతికించుట, వంకరపోయిన చక్రమును కమ్మి కమ్మి బిగించి సరిచేయుట, అన్నియు వాడు కన్నట్లు వ్రాసెను. ఆ సంగతి నా కంటికి ఆనలేదు. ఏడు పంక్తులలో పదునొకండు ఎరుపు గీతలు గీచి, వానిని నిలువబెట్టి చదివించితిని. "ఉండాది యేమిరా? తెలుగు వ్రాయుము" అంటిని. తరగతి అంతయు నవ్వెను. నేనును నవ్వితిని.

ఆనాటినుండి వాడు తరగతిలో నోరు తెరువడయ్యెను. తెలిసిన ప్రశ్నకును బదులు చెప్పడు. చదువుమన్న పుస్తకము పట్టుకొని నిలుచుండునే గాని పెదవి కదలింపడు. బెంచీమీద నిలువబెట్టితిని; వెలుపల నిలువబెట్టితిని. అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట వాని నివేదికలో "మొండివాడు. చదువునందు శ్రద్ధ లేదు" అని వ్రాసి సంతకము చేసితిని. సంక్రాంతి సెలవుల తరువాత వాడు రాలేదు. కొన్ని దినములు హాజరుపట్టీలో వాని పేరు పిలుచుచుంటిని. తరువాత కొట్టివేసితిని.

ఇప్పుడు వానికి ముప్పదియేడేండ్లు. కణతలు నెరసినవి. బండి ముందర పీట వేసికొని కూర్చుండి, నేను నలిపిన గాడిని చూచెను.

"దీన్ని ఎవురు కొట్టినారు అయివారూ?"

"నేనే."

అతడు నవ్వలేదు. సుత్తి తీయలేదు, స్పానరును తీయలేదు. గుడ్డను కిరసనాయిలులో తడిపి నట్టు చుట్టును తుడిచెను. చేతిదీపము వెలిగించి, తల వంచి, చాలసేపు చూచెను. తరువాత నన్ను దగ్గరకు పిలిచి, సూదిమొనతో ఒకచోట చూపెను. నట్టు పెదవి అచ్చట లోనికి నొక్కుకొని యుండెను.

"నట్టుది తప్పు కాదు అయివారూ. మీకంటే ముందు ఎవురో దీని పెదవిని ఉలితో ఇరుసు మరలోకి దిగగొట్టినారు. వదులైపోతాదని భయపడినట్టుండారు. అది పట్టుకోనుండాది. అది లేపకుండా తిప్పితే మర పోతాది, నట్టు రాదు. ముందు ఎక్కడ పట్టుకోనుండాదో చూడల్ల."

నేను మాటాడలేదు.

అతడు సన్నని ఉలి తీసి, ఇరుసు మరకు తగులకుండ, నొక్కుకొన్న పెదవిని చిన్నచిన్న తాకుళ్ళతో పైకి లేపెను. రాలిన ఇనుపరజను గుడ్డతో అద్ది తీసెను. నూనెలో అది కలిసినచో బేరింగులను తినివేయునట. నలిగిన గాడి అంచును చిన్న ఆకురాయితో చదును చేసెను. పాత సాకెట్టు నొకదానిని అరగదీసి తానే నాలుగు పండ్లు తీర్చుకొన్న పనిముట్టును గాడులలో కూర్చి చూచెను. అది సరిగా కూర్చున్న పిమ్మట బండిని పై గేరులో పెట్టి, నన్ను బండిమీద కూర్చుండి వెనుక బ్రేకును గట్టిగా త్రొక్కి యుంచుమనెను.

"ఇరుసు తిరగకుండా పట్టేవాడు ఒకడు కావల్ల. లేకుంటే ఎంత బలం పెట్టినా దండగే."

గేరులో నుండుటవలన ఇరుసు వెనుక చక్రముతో కలిసికొని యుండును. చక్రము కదలకున్న ఇరుసు కదలదు. ఆదివారమునాటి నా దెబ్బలన్నియు ఎచటికి పోయినవో అప్పుడు బోధపడినది.

అతడు ఎడమ అరచేతితో సాకెట్టును నిటారుగా అదిమి పట్టి, కుడిచేత పొడుగైన గొట్టము తగిలించిన పిడిని పట్టెను. మొదట విప్పు దిక్కునకు గాక, బిగించు దిక్కునకు రవంత ఒత్తెను. ఏండ్లతరబడి అంటుకొన్న మరలు దానివలన పట్టు విడుచునట. తరువాత విప్పు దిక్కునకు మెల్లమెల్లగా బలము పెంచుచు పోయెను. అతని మెడనరములు ఉబ్బెను. నా కాలు వణకెను. ఒక్కసారి "టక్కు" మని చప్పుడైనది. నట్టు వదలెను. ఆ తరువాత వ్రేళ్ళతోనే తిరిగి వచ్చెను.

నడిమి చక్రమును ప్లేట్లును వెలుపలికి తీసెను. రాపిడి ప్లేట్లు అరిగి నున్నబడినవి. ఉక్కు ప్లేట్లు వేడికి నీలిరంగు తిరిగినవి. నట్టు క్రింది వాషరును నాకు చూపెను. అది కొంచెము గిన్నెవలె వంగి యుండును. దానిమీద "అవుట్ సైడ్" అని ఆంగ్లాక్షరములు చెక్కబడి యుండును. ఆ ముఖము వెలుపలికి రావలెను. మునుపటివాడెవడో దానిని లోపలికి త్రిప్పి పెట్టెను. అందువలన నట్టు వదులగుచుండెను. వదులగుచున్నదని దాని పెదవిని దిగగొట్టెను. ఒక తప్పును చూడక, దానిమీద రెండవ తప్పును బిగించినాడు.

క్రొత్త ప్లేట్లు నూనెలో నానుచుండగా ఇద్దరమును టీ త్రాగితిమి. అడుగవలెనా వద్దా యని కొంతసేపు తటపటాయించి, తుదకు "నీవు బడి ఏల మానితివి?" అని అడిగితిని.

"అంగట్లో నాయనకి చెయ్యిసాయం లేకుండె అయివారూ" అని అతడు గ్లాసు క్రింద పెట్టెను. కొంచెము తాళి, "ఇంకొకటి, అంగట్లో నేను మాట్లాడితే ఎవురూ నవ్వేవాళ్ళు కాదు" అనెను.

అందులో కోపము లేదు. ఉండినచో నాకు తేలికగా నుండెడిది.

నిజమునకు "ఉండాది" అను మాట తప్పు కాదు. నేను శిక్షణ పొందిన రాష్ట్రమునందే, చిత్తూరు అనంతపురము ప్రాంతములలో, ఊళ్ళకు ఊళ్ళు అట్లే పలుకుచున్నవి. మన తాలూకాలో ఆ మాట తరతరములనుండి ఉన్నది. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరైనప్పుడు మనము మద్రాసు రాష్ట్రమునందే నిలిచితిమి. సేలము జిల్లానుండి 1965లో ధర్మపురి జిల్లాలోనికి, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి చేరితిమి. 2006నాటి శాసనము ననుసరించి ఈ రాష్ట్రమున తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. ఇన్ని మార్పులలోను తెలుగును ఇచట నిలిపినది నా ఎరుపు సిరా కాదు. "ఉండాది" అనిన ఇండ్లే. ఆ యింటిమాటను పట్టుకొనియే పిల్లవాడు బడికి వచ్చెను. నేను దానినే పట్టుకొని వెలుపలికి నెట్టితిని.

సాయంకాలమునకు పని ముగిసెను. క్రొత్త నట్టును, క్రొత్త వాషరును వేసి, వాషరు ముఖమును నాచేతనే చూపించి, బిగువు కొలుచు స్పానరుతో బిగించెను. నాలుగు స్ప్రింగుల బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించుచు వచ్చెను. నేను డబ్బిచ్చుచుండగా అతడు తల గోకుకొని, "మా పాపని ఆరోదానికి చేర్చల్ల. అందరూ ఇంగ్లీషు బడికి పంపమంటారు. దానికి తెలుగు కథల పుస్తకాలంటే ఆశ. మీ బడికే పంపుదామని ఉండాను" అనెను. తరువాత నన్ను సూటిగా చూచి, "అయితే దాని మాట నా మాట మాదిరే ఉంటాది" అనెను.

"పంపుము. దాని మాట దానికుండనిమ్ము. పుస్తకపు మాట నేను నేర్పెదను" అంటిని. పాత నట్టును అడిగి తెచ్చుకొంటిని.

ఆ బాలిక ఈ సంవత్సరము మన పాఠశాలలో చేరినది. మొదటి వ్యాసమున "మా నాయనకి షెడ్డు ఉండాది" అని చదివినది. ఒకరిద్దరు నవ్వబోయి, నావంక చూచి ఊరకుండిరి. ఇప్పుడు నేను పిల్లలచేత పుటను రెండుగా మడిపించుచున్నాను. ఎడమవైపున ఇంటిమాట, కుడివైపున పుస్తకపుమాట. "ఉండాది" ఎదుట "ఉన్నది". "చూడల్ల" ఎదుట "చూడవలెను". దేనిమీదను కొట్టివేత గీత ఉండదు.

దీనివలన తప్పులు దిద్దుట మానితినని తల్లిదండ్రులు తలపవలదు. పెదవి లేపిన పిమ్మటను ఆ నట్టు తనంతట తాను ఊడి రాలేదు. గొట్టము వేసి, నరములు ఉబ్బునట్లు బలము పెట్టవలసి వచ్చెను. వర్ణక్రమము, సంధులు, పద్యము కంఠస్థము చేయుట, ఇవి శ్రమ లేక వచ్చునవి కావు. ఆ బాలిక "విద్యార్థి"లో ఒత్తు తప్పిన నేను పదిసార్లు వ్రాయించితిని. మూతి ముడుచుకొనియే వ్రాసినది. కాని మరునాడు చేయి ఎత్తి ప్రశ్న అడిగినది. ఎచట పట్టుకొని యున్నదో చూడక పెట్టిన బలమునకును, చూచి పెట్టిన బలమునకును గల భేదము అంతే. ఇరుసును పట్టి నిలుపువాడు ఇంటియందును ఒకడు ఉండవలెను. పిల్లలచేత రోజు కొక పుట తెలుగు బిగ్గరగా చదివించి వినుడు. చదువురాని తల్లియైనను వినగలదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు షెడ్డులలోను కర్మాగారములలోను పని చేయుదురు. నట్టు రాకున్న సుత్తి తీయకముందు దీపము తీయుడు. కొన్ని యంత్రములలో ఎడమమరయు ఉండును గనుక, ఏ దిక్కునకు విప్పవలెనో మొదట తెలిసికొనుడు.

బండి ఇప్పుడు చక్కగా నడచుచున్నది. మొన్న మరల కొండ నెక్కితిమి. నా భార్య దిగవలసిన పని లేకపోయెను. నట్టు మాత్రము నా బల్లమీదనే యుండును. వ్యాసములు దిద్దుటకు కూర్చున్నప్పుడు నలిగిన గాడిని నావైపునకు త్రిప్పి పెట్టుకొందును.